ఓలెడ్డా, మినీ ఎల్‌ఈడీయా? సినిమాలకీ గేమ్‌లకీ కలిపి ఒకే టీవీ, సలహా చెప్పండి

కిటికీ_పక్క_సోఫా
అందరికీ నమస్కారం. పాత టీవీ తీసేసి ఈసారి కాస్త పైరకం తీసుకుందామని చూస్తున్నాను. చదివేకొద్దీ బుర్ర వేడెక్కుతోంది గానీ ఏదీ తేలడం లేదు. ఇంట్లో వాడకం ఇదీ: పగలు పిల్లలు పీఎస్5 మీద ఆడతారు, సాయంత్రం మ్యాచ్‌లు, వార్తలు, రాత్రి పిల్లలు పడుకున్నాక నేనూ మా ఆవిడా సినిమా చూస్తాం, సెలవు రోజుల్లో నేను పీసీ తగిలించి కాసేపు ఆడతాను. సోఫా నుంచి గోడకి రెండున్నర మీటర్లు. సోఫాకి ఎడమ పక్క పెద్ద కిటికీ, మధ్యాహ్నం దాకా వెలుగు బాగా వస్తుంది. జాబితాలో ఎల్‌జీ జీ5, శాంసంగ్ ఎస్95ఎఫ్, సోనీ బ్రావియా 8 మార్క్ టూ ఉన్నాయి, మూడూ ఓలెడ్‌లు (ప్రతి పిక్సెలూ తనే వెలిగేవి). నాలుగోది సోనీ బ్రావియా 9, అది మినీ ఎల్‌ఈడీ (వెనకాల చిన్న చిన్న దీపాలున్న ఎల్‌సీడీ). అన్నీ 65 అంగుళాలే. షోరూంలో చూస్తే నాలుగూ ఒకేలా ధగధగలాడుతున్నాయి. ఏది తీసుకోమంటారు, ఎందుకు?

ఫ్రేమ్‌రేట్_పిచ్చోడు
గేమింగ్ అన్నారంటే ఓలెడ్డే. దీనికింత ఆలోచనెందుకు బాసూ.

పాత_ప్లాస్మా
ఆలోచించాలి తమ్ముడూ, ఆయన కిటికీ ఉందంటున్నారు కదా. సోఫా గారూ, ముందు షోరూం సంగతి మర్చిపోండి. అక్కడ అన్ని టీవీలూ వివిడ్ మోడ్‌లో, బ్రైట్‌నెస్ చివరిదాకా పెంచి, నీలం కలిసిన తెలుపుతో పెడతారు. ఆ గదిలో వెలుగు కూడా మీ ఇంట్లో ఉండేదానికి ఎన్నో రెట్లు. అక్కడ గెలిచే టీవీ వేరు, మీ గదిలో గెలిచే టీవీ వేరు.

ఇక కిటికీ విషయం. ఓలెడ్‌లో రెండు జాతులున్నాయి. ఎల్‌జీ డిస్‌ప్లే చేసే డబ్ల్యూఓలెడ్ ఒకటి, శాంసంగ్ డిస్‌ప్లే చేసే క్యూడీ-ఓలెడ్ ఇంకొకటి (ఇది 2022లో సోనీ ఏ95కే, శాంసంగ్ ఎస్95బీలతో మార్కెట్లోకి వచ్చింది). మీ జాబితాలో జీ5 మొదటి రకం, ఎస్95ఎఫ్, బ్రావియా 8 మార్క్ టూ రెండో రకం. క్యూడీ-ఓలెడ్‌లో రంగులు నిజంగా గొప్పగా ఉంటాయి, ముఖ్యంగా బాగా వెలుతురున్న ఎరుపు, ఆకుపచ్చ. డబ్ల్యూఓలెడ్‌లో వెలుగు పెంచడానికి తెల్ల సబ్‌పిక్సెల్ సాయం తీసుకుంటారు, దాంతో బాగా ప్రకాశంగా ఉన్నచోట రంగు కాస్త పలచబడుతుంది. కానీ క్యూడీ-ఓలెడ్‌లో పోలరైజర్ (బయటి వెలుగుని మింగేసే) పొర ఉండదు. బయటి వెలుగు ప్యానెల్ మీద పడిందంటే నలుపు కాస్తా ఎండలో వెలిసిపోయిన నల్లచొక్కాలాగా బూడిద, ఊదా మధ్య రంగులోకి వస్తుంది. రాత్రి లైట్లార్పి చూస్తే ఈ గొడవే లేదు. మీరు పగలు కూడా వాడతారు కాబట్టి చెబుతున్నా.

నల్లతెర
ప్లాస్మా గారు చెప్పినదానికి చిన్న చేర్పు. ఎస్95ఎఫ్‌కి మ్యాట్ తెర ఉంటుంది. దీపం, కిటికీ ఆకారాలు అద్దంలో కనబడినట్టు కనబడవు, అది దాని బలమే. అయితే ఆ వెలుగు ఎక్కడికీ పోదు, తెరంతా పరుచుకుంటుంది. పగటిపూట చీకటి సీన్ వచ్చినప్పుడు మెరుపు తెరలో కిటికీ ఒక మూలన కనబడి మిగతాదంతా నల్లగా ఉంటే, మ్యాట్ తెరలో కిటికీ కనబడదు గానీ మొత్తం నలుపు ఒక మెట్టు లేస్తుంది. ఏది చిరాకు పెడుతుందో మనిషిని బట్టి ఉంటుంది. నాకైతే రెండోదే ఎక్కువ చిరాకు.

పోర్టుల_లెక్క
మీరంతా నలుపు గురించి మాట్లాడుకుంటూ ఉండండి, ఆయన వెనకాల వైర్లు ఎన్ని పెట్టాలో ఎవరూ అడగలేదు. పీఎస్5 ఒకటి, పీసీ ఒకటి. సోఫా గారూ, సౌండ్‌బార్ ఉందా?

కిటికీ_పక్క_సోఫా
ఉందండీ. ఈఆర్క్‌లో (టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కి పంపే హెచ్‌డీఎంఐ పోర్టు) పెట్టాలి.

పోర్టుల_లెక్క
అనుకున్నా. అయితే వినండి. సోనీ రెండు మోడళ్ళలోనూ హెచ్‌డీఎంఐ పోర్టులు నాలుగున్నా 2.1 స్థాయివి (ఎక్కువ వేగం మోసేవి) రెండే, ఆ రెండిట్లో ఒకటే ఈఆర్క్ పోర్టు కూడా. సౌండ్‌బార్ దాన్ని పట్టుకుంటే 4కే 120 హెర్ట్జ్‌కి (సెకనుకి 120 బొమ్మలు) మిగిలేది ఒక్కటి. పీఎస్5 పెడితే పీసీకి లేదు, పీసీ పెడితే పీఎస్5కి లేదు. సౌండ్‌బార్‌కే హెచ్‌డీఎంఐ 2.1 ఇన్‌పుట్ ఉండి 4కే 120ని, వీఆర్‌ఆర్‌ని (గేమ్ ఫ్రేముల వేగాన్ని బట్టి టీవీ రిఫ్రెష్ రేటు మారడం) తనగుండా పంపగలిగితే తప్ప వైర్లు మార్చుకుంటూ కూర్చోవాలి. జీ5లోనూ ఎస్95ఎఫ్‌లోనూ నాలుగుకి నాలుగూ 2.1 పోర్టులే. టీవీ బొమ్మ ఎంత బాగున్నా వారానికోసారి గోడకీ టీవీకీ మధ్య చెయ్యి దూర్చి కేబుల్ పీకాల్సి వస్తే ఆ మోజు నెలలో తీరిపోతుంది.

ఇంకో మాట. పెట్టె మీద హెచ్‌డీఎంఐ 2.1 అని రాసినంత మాత్రాన అన్నీ ఉన్నట్టు కాదు. ఆ ప్రమాణంలో 48 గిగాబిట్ల వేగం గానీ, 4కే 120 గానీ, వీఆర్‌ఆర్ గానీ అన్నీ ఐచ్ఛికమే, కంపెనీ ఇష్టం. పైరకం టీవీల్లో ఈ బాధ తక్కువ. కాస్త కింది తరగతిలో మాత్రం అసలు ప్యానెల్ 60 హెర్ట్జ్‌దే ఉండి, పేరు మాత్రం మోషన్ రేట్ అంటూ పెద్ద అంకె పెట్టేస్తుంటారు. స్పెసిఫికేషన్ కాగితంలో "నేటివ్ రిఫ్రెష్ రేట్" అన్న వరస వెతకండి, అది కనబడకపోతే అనుమానించాల్సిందే.

కొత్త_కన్సోల్
పీఎస్5కి 165 హెర్ట్జ్ టీవీ ఉంటే ఇంకా స్మూత్‌గా వస్తుందా? జీ5, ఎస్95ఎఫ్ రెండిట్లోనూ 165 అని రాసుంది.

ఫ్రేమ్‌రేట్_పిచ్చోడు
రాదు. పీఎస్5 పైకి వెళ్ళేది 120 దాకానే, అది కూడా ఆ గేమ్‌లో 120 మోడ్ ఉంటేనే. 165 పీసీ వాళ్ళకి. అదీ 4కేలో అన్ని ఫ్రేములు తీసే గ్రాఫిక్స్ కార్డు ఉంటే.

పోర్టుల_లెక్క
దానికి తోడు పీఎస్5 పోర్టు 48 గిగాబిట్లు పంపదు, 32 దగ్గరే ఆగుతుంది. అందుకే 4కే 120 హెచ్‌డీఆర్‌లో (వెలుగు, రంగుల పరిధి ఎక్కువున్న బొమ్మ) రంగు సమాచారాన్ని కుదించి 4:2:2లో పంపుతుంది. సోఫాలో కూర్చుని గేమ్ ఆడేవాడికి ఆ తేడా తెలియదు, కంగారు పడకండి. పీసీ తగిలించి సన్న అక్షరాలు చదివేటప్పుడు మాత్రం 4:4:4 (రంగుని కుదించకుండా పంపడం) కావాలి, లేదంటే ఎర్ర అక్షరం నీలం మీద ఉన్నప్పుడు అంచులు అలుక్కుపోతాయి. అప్పుడు టీవీలో ఆ ఇన్‌పుట్‌కి పీసీ అన్న గుర్తు పెట్టుకోవాలి.

మినీ_మద్దతుదారు
ఓలెడ్ భజన అయిపోయిందా? ఇప్పుడు నేనడుగుతా. పగలంతా వెలుగు పడే గది, సాయంత్రం మ్యాచ్‌లు, స్కోరు పట్టీ గంటల తరబడి ఒకేచోట, న్యూస్ చానెల్ లోగో ఇంకో మూల, పిల్లల గేమ్‌లో హెల్త్ బార్ మరో మూల. ఇంతకంటే బర్న్‌ఇన్‌కి (కదలని బొమ్మ తెర మీద శాశ్వతంగా మరకలా మిగిలిపోవడానికి) ఏం కావాలి? ఓలెడ్‌లో ప్రతి పిక్సెలూ తన వెలుగు తనే ఇస్తుంది కాబట్టి ఎక్కువ వెలిగిన పిక్సెల్ ముందు అరుగుతుంది. మినీ ఎల్‌ఈడీలో వెలుగు వెనకాల దీపాలది, ముందున్న ఎల్‌సీడీ పొర అలా అరగదు. ఓలెడ్‌కి ఇంకో బలహీనత ఏబీఎల్, అంటే తెరలో ఎక్కువ భాగం వెలిగితే టీవీ తనే వెలుగు తగ్గించేయడం. జీ5 తెరలో పదో వంతు తెల్లగా ఉన్నప్పుడు 2,000 నిట్స్ (వెలుగు కొలత) దాటిస్తుంది, నిజమే, కానీ తెరంతా తెల్లబడితే అందులో నాలుగో వంతు కూడా ఉండదు. మంచు మీద ఆట, ఐస్ హాకీ, ఎండలో పచ్చిక మైదానం, ఇవన్నీ తెరంతా వెలుగే. పగటిపూట అక్కడ బ్రావియా 9 ముందు ఓలెడ్‌లు వెలవెలబోతాయి.

నల్లతెర
ఏబీఎల్ మాట ఒప్పుకుంటా. మిగతాది సగమే నిజం. బర్న్‌ఇన్ అనేది ఒక్క రాత్రిలో వచ్చేది కాదు, గంటలు కూడుకుని కూడుకుని వచ్చేది. ఒకే చానెల్ రోజంతా పెట్టుంచే ఇళ్ళలో వస్తుంది, వస్తుందనే చెప్పాలి. పగలు గేమ్, సాయంత్రం మ్యాచ్, రాత్రి సినిమా అంటే మారుతూనే ఉందిగా. గేమ్‌లలో చాలావాటిలో హెచ్‌యూడీని (హెల్త్ బార్ లాంటి గుర్తుల్ని) మసకగా పెట్టడానికో దాచడానికో సెట్టింగ్ ఉంటుంది, పిల్లలకి అది పెట్టివ్వండి.

అందరూ చేసే అసలు తప్పు వేరే ఉంది. రాత్రి టీవీ రిమోట్‌తో ఆపి, వెంటనే గోడ మీద స్విచ్ కూడా కట్టేస్తారు. ఓలెడ్‌లో మొత్తం నాలుగు గంటల వాడకం కూడుకున్నాక, స్టాండ్‌బైలోకి వెళ్ళినప్పుడు ప్యానెల్ తనంతట తానే చిన్న శుద్ధి చేసుకుంటుంది, పిక్సెళ్ళ అరుగుదలని కొలిచి సరిచేసుకుంటుంది. అప్పుడు బొమ్మేమీ రాదు, ఆపేసినట్టే ఉంటుంది. లోపల ఏదో టిక్కుమన్న చప్పుడు వినబడొచ్చు. కరెంటు తీసేస్తే ఆ పని జరగదు. రోజూ తీసేస్తే రోజూ జరగదు. కొన్ని నెలలకే మరకలొచ్చాయని గోల పెట్టే వాళ్ళని ముందు ఈ ప్రశ్న అడగండి.

మినీ_మద్దతుదారు
స్విచ్ కట్టకూడదు, చానెల్ ఎక్కువసేపు పెట్టకూడదు, హెచ్‌యూడీ దాచాలి. టీవీ కొంటున్నామా, చంటిబిడ్డని తెచ్చుకుంటున్నామా :)

నల్లతెర
మీ బ్రావియా 9 గేమ్ మోడ్‌లో నల్ల తెర మీద తెల్ల సబ్‌టైటిల్ చుట్టూ వెలుగు పొగలా వస్తుందే, ఆ బిడ్డని ఎవరు చూస్తారు మరి?

పాత_ప్లాస్మా
ఇద్దరూ ఆగండి. ఆ పొగ మాట మరీ ఎక్కువ చేసి చెప్పారు, బ్రావియా 9 ఆ విషయంలో ఎల్‌సీడీలన్నిటిలో మెరుగైన వాటిలో ఒకటి. ఎన్ని జోన్లున్నా (విడివిడిగా వెలిగి ఆరే దీపాల గుంపులు), 4కే తెరలో పిక్సెళ్ళు 83 లక్షలు దాకా ఉంటే జోన్లు వేలల్లోనే ఉంటాయి కాబట్టి, ఒక నక్షత్రం కోసం చుట్టూ కొంత మేర వెలగక తప్పదు. బాణసంచా సీన్లు, అంతరిక్షం సీన్లు వేసి చూడండి, తెలుస్తుంది. పక్కన కూర్చుని చూసేవాళ్ళకి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. వీఏ ప్యానెళ్ళలో (బ్రావియా 9లో ఉన్న ఎల్‌సీడీ రకం) పక్క నుంచి రంగు తేలిపోవడం మామూలే, సోనీ దానికి ప్రత్యేకంగా ఒక పొర వేసింది గానీ ఓలెడ్ అంత కాదు. సోఫా గారింట్లో నలుగురూ ఎదురుగానే కూర్చుంటారా, పక్కన కుర్చీలుంటాయా అన్నది కూడా చూసుకోవాలి.

ఫ్రేమ్‌రేట్_పిచ్చోడు
గేమ్ మోడ్‌లో ఇంకో సంగతి. ఇన్‌పుట్ లాగ్ (బటన్ నొక్కాక తెర మీద కనబడేదాకా పట్టే ఆలస్యం) గురించి ఈ నాలుగిట్లో దేనికీ భయం లేదు, 120 దగ్గర అన్నీ ఆడడానికి బాగానే ఉంటాయి, ఓలెడ్‌లు పది మిల్లీసెకన్ల లోపే ఉంటాయి. తేడా అంతా పిక్సెల్ రంగు మారే వేగంలో ఉంది. ఓలెడ్‌లో అది దాదాపు తక్షణం. వీఏ ఎల్‌సీడీలో నలుపు నుంచి ముదురు బూడిదకి మారడం నెమ్మది, అందుకే చీకటి గుహలో కెమెరా గిర్రున తిప్పితే గోడలు వెనకాల తోకలా ఈడ్చుకొస్తాయి. ఒకసారి కంట పడిందా, ఇక అదే కనబడుతుంది.

కొత్త_కన్సోల్
మరి ఓలెడ్‌లో వీఆర్‌ఆర్ పెడితే చీకటి సీన్లలో మిణుకుమిణుకుమంటుంది అంటారు? మా ఫ్రెండ్ ఇంట్లో చూశాను, లోడింగ్ స్క్రీన్‌లో బాగా కనబడింది, టీవీ పాడైందేమో అనుకున్నాం.

ఫ్రేమ్‌రేట్_పిచ్చోడు
పాడవలేదు. అది ఓలెడ్ జాతి లక్షణం. ప్యానెల్ గామాని (ఛాయల వెలుగు అమరికని) ఒక స్థిరమైన రిఫ్రెష్ రేటుకి సరిచేసి పంపుతారు. వీఆర్‌ఆర్‌లో ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య వ్యవధి మారుతుంటే నలుపుకి దగ్గరగా ఉండే ఛాయలు ఒకసారి కాస్త వెలిగి ఒకసారి తగ్గుతాయి. ఫ్రేమ్‌రేట్ 118, 115, 119 అంటూ కొద్దిగా ఊగితే కనబడదు. 120 నుంచి 50కి, మళ్ళీ పైకి ఎగిరితే కనబడుతుంది. లోడింగ్ స్క్రీన్‌లో సరిగ్గా అదే జరుగుతుంది, ఫ్రేములు ఇష్టమొచ్చినట్టు వస్తాయి, పైగా తెర అంతా చీకటి. పీసీలో ఫ్రేమ్‌రేట్‌కి ఒక కట్టడి పెట్టేస్తే చాలావరకు పోతుంది. పీఎస్5లో స్థిరంగా 60 నడిచే గేమ్‌కైతే వీఆర్‌ఆర్ తీసేసినా నష్టం లేదు. దాని వీఆర్‌ఆర్ పరిధి కూడా 48 నుంచి 120 దాకానే, 48 కంటే దిగితే ఎలాగూ పట్టు తప్పుతుంది.

డాల్బీ_దాసు
శాంసంగ్‌లో డాల్బీ విజన్ (సీన్‌ని బట్టి వెలుగు సర్దే హెచ్‌డీఆర్ రకం) లేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? ఒక్క ఆ కారణంతో నా జాబితాలోంచి ఎస్95ఎఫ్ పోతుంది.

పాత_ప్లాస్మా
పీఎస్5 వాడే మనిషికి గేమ్‌ల విషయంలో అది అడ్డే కాదు, ఆ కన్సోల్‌లో డాల్బీ విజన్ అసలు లేదు, గేమ్‌లకీ లేదు, డిస్కులకీ లేదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అయితే వేరే మాట. స్ట్రీమింగ్ సినిమాలకి మాత్రం డాల్బీ విజన్ పనికొస్తుంది. అది లేకపోయినా అదే సినిమా మామూలు హెచ్‌డీఆర్ అయిన హెచ్‌డీఆర్10లో వస్తుంది, 2,000 నిట్స్ దాటే టీవీలో 1,000 నిట్స్‌కి మాస్టర్ చేసిన సినిమాని నొక్కేయాల్సిన అవసరమే పెద్దగా రాదు. తక్కువ వెలుగున్న టీవీలకి డాల్బీ విజన్ ఎంత అవసరమో వీటికి అంత కాదు. అయినా ఇంత పెట్టి కొంటూ ఒక ఫార్మాట్ లేకుండా ఎందుకు అంటే, ఆ మాటా న్యాయమే.

డాల్బీ_దాసు
న్యాయమే కదా మరి!

రాత్రి_ప్రేక్షకుడు
సినిమాల గురించి ఒక మాట చెప్పి పోతా. ఓలెడ్ కొన్నవాళ్ళు మొదట్లో చేసే ఫిర్యాదు, కెమెరా పక్కకి జరిగే సీన్లలో బొమ్మ గుటుకు గుటుకుమని కదులుతోందని. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములే, ఒక్కో ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు తెర మీద నిలబడుతుంది. ఎల్‌సీడీలో పిక్సెల్ నెమ్మదిగా మారుతుంది కాబట్టి ఒక ఫ్రేము ఇంకోదానిలోకి కాస్త అలుక్కుపోయి ఆ కుదుపు దాగుతుంది, ఓలెడ్‌లో దాగదు. దీనికి మోషన్ స్మూతింగ్ (ఫ్రేముల మధ్య టీవీ కొత్త ఫ్రేములు కల్పించడం) మొత్తం పెట్టేస్తే సినిమా కాస్తా సీరియల్ అయిపోతుంది. ఎల్‌జీలో ట్రూమోషన్‌ని సినిమాటిక్ మూవ్‌మెంట్‌లో పెట్టండి, అంతకు మించి వెళ్ళకండి. చాలా కొద్దిగా చేస్తుంది, తెలియదు కూడా. ఈ ఒక్క పని సోనీ అందరికంటే బాగా చేస్తుంది. పాత తక్కువ నాణ్యత వీడియోని శుభ్రం చేయడంలో కూడా. రాత్రి సినిమాలకే టీవీ అయితే నేను కళ్ళు మూసుకుని బ్రావియా 8 మార్క్ టూ అనేవాణ్ణి.

ఫిల్మ్‌మేకర్ మోడ్ (సినిమా తీసినవాళ్ళు అనుకున్న రంగులు చూపే మోడ్) పెట్టగానే పసుపుగా ఉందని అంతా వెనక్కి మార్చేస్తారు. వారం ఉంచండి. తర్వాత పాత మోడ్ పెట్టి చూస్తే మనుషుల ముఖాలు నీలంగా కనబడతాయి.

పెద్దతెర_వీరుడు
65 ఎందుకండీ? రెండున్నర మీటర్ల దూరంలో 65 అంగుళాల తెర మీ చూపులో 32 డిగ్రీలే నింపుతుంది. 77 అయితే 37, 38 దాకా వస్తుంది, సినిమా హాలు అనుభూతికి 40 దగ్గర ఉండాలంటారు. జీ5 65 డబ్బుతో ఎల్‌జీ సీ5 77 వైపు చూడొచ్చు. రెండేళ్ళ తర్వాత ఏ నిట్స్ ఎన్నున్నాయో గుర్తుండదు, తెర పెద్దదా చిన్నదా అన్నది మాత్రం రోజూ కనబడుతుంది.

నల్లతెర
చీకటి గది అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. సీ5లో జీ5 టాండెమ్ (వెలిగే పొరలు ఎక్కువున్న) ప్యానెల్ ఉండదు, చిన్న భాగంలో వెలుగు జీ5లో సగం దగ్గరే ఆగుతుంది. పగటి కిటికీ ఉన్న ఇంట్లో ఆ సగం పనికొస్తుంది. పైగా 77 వెడల్పు 170 సెంటీమీటర్లు, గోడ కొలుచుకున్నాక మాట్లాడండి.

పెద్దతెర_వీరుడు
కర్టెన్ వేసుకుంటే కిటికీ గొడవ పోతుంది. టీవీ వెలుగు పెంచడం కంటే కర్టెన్ వెయ్యడం తేలిక.

మినీ_మద్దతుదారు
పగలు కర్టెన్ వేసుకుని కూర్చోమంటారా పిల్లల్ని?

కిటికీ_పక్క_సోఫా
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. గోడ కొలిచాను, 77 పడుతుంది గానీ పక్కన తలుపు తెరుచుకోవడానికి అడ్డొస్తుంది, కాబట్టి 65కే కట్టుబడ్డాను. సౌండ్‌బార్‌లో హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉంది గానీ అది 4కే 60 దాకానే పంపుతుందట, అంటే పోర్టుల లెక్కలో రెండు సోనీలూ పోయాయి. బ్రావియా 9 మీద కాస్త మనసుండింది, కానీ మా ఇంట్లో ఇద్దరు ఎప్పుడూ పక్క కుర్చీల్లోనే కూర్చుంటారు. జీ5, ఎస్95ఎఫ్ మిగిలాయి. కిటికీ నీడ తెర మీద కదలడం కంటే నలుపు వెలిసిపోవడమే నాకు ఎక్కువ ఇబ్బంది అనిపించింది, కాబట్టి జీ5 ఆర్డర్ పెట్టేశాను. కిటికీకి ఒక పలచటి కర్టెన్ వేస్తాను. గేమ్‌ల కోసం రాగానే ఏం సెట్ చేయాలో ఎవరైనా చెప్పండి.

ఫ్రేమ్‌రేట్_పిచ్చోడు
శుభాకాంక్షలు బాసూ. వరసగా ఇలా చేయండి. పీఎస్5 పెట్టిన పోర్టుకి టీవీ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ డీప్ కలర్ 4కే అయ్యుందో లేదో చూడండి, కొన్నిసార్లు ఆపేసి ఉంటుంది. తర్వాత గేమ్ ఆప్టిమైజర్ పిక్చర్ మోడ్‌లో డైనమిక్ టోన్ మ్యాపింగ్‌ని (హెచ్‌డీఆర్ వెలుగుని టీవీ తనకి తగ్గట్టు సర్దుకోవడం) హెచ్‌జీఐజీకి (ఆ సర్దుబాటు కన్సోల్‌కే వదిలేయడం) మార్చండి. ఇది ముందు చేయాలి. అప్పుడు పీఎస్5లో హెచ్‌డీఆర్ సర్దుబాటు తెరవండి. మూడు తెరలు వస్తాయి, మొదటి రెండిట్లో మధ్యలో ఉన్న గుర్తు కనబడీ కనబడకుండా మాయమయ్యే దాకా పెంచి, మాయమైన చోటే ఆపండి. ఇంకా నొక్కుకుంటూ పోతే కన్సోల్ టీవీకి లేని వెలుగు ఉందనుకుంటుంది, మేఘాల్లో వివరమంతా తెల్లముద్ద అయిపోతుంది. మూడోది నలుపుకి, దాన్ని అన్నిటికంటే కిందకి దించేయండి, ఓలెడ్ కదా. పగటి వెలుగులో గేమ్ మరీ చీకటిగా అనిపిస్తే అప్పుడు మాత్రం టోన్ మ్యాపింగ్ ఆన్ చేసుకోండి, తప్పేం లేదు.

పోర్టుల_లెక్క
కేబుల్ మీద అల్ట్రా హై స్పీడ్ అని ఉండాలి, పీఎస్5తో వచ్చినదైతే సరిపోతుంది. పీసీకి పొడవాటిది కావాలంటే మూడు మీటర్లు దాటనివ్వకండి, ఆ పైన మామూలు రాగి కేబుల్‌తో బొమ్మ మధ్యమధ్యలో పోయి రావచ్చు. ఇంకోటి, ఇంట్లో సర్వర్ నుంచి పెద్ద 4కే ఫైళ్ళు చూసే అలవాటుంటే టీవీని వైఫైకే కలపండి. ఇంత ఖరీదైన టీవీకి కూడా వైరు పోర్టు 100 మెగాబిట్లదే ఇస్తారు, 4కే డిస్కు ఫైలు కొన్ని సీన్లలో దాన్ని దాటిపోతుంది. స్ట్రీమింగ్‌కైతే ఆ 100 ఎక్కువే.

డాల్బీ_దాసు
చివరికి డాల్బీ విజనే గెలిచింది. అంతే, ఇంకేం మాట్లాడను.

నల్లతెర
రాగానే ఒక పరీక్ష చేయండి సోఫా గారూ. యూట్యూబ్‌లో 5 శాతం బూడిద స్లైడ్ దొరుకుతుంది, రాత్రి లైట్లన్నీ ఆర్పి అది తెర నిండా వేయండి. నిలువుగా సన్నటి చారలు కొద్దిగా అన్ని ఓలెడ్‌లలోనూ ఉంటాయి, వాటికి బెంగపడొద్దు, కొన్ని వందల గంటల వాడకంలో తగ్గుతాయి కూడా. కానీ ఒక పక్క అంతా గులాబీ రంగుకో ఆకుపచ్చకో తిరిగి ఉంటే, లేదా మామూలు సినిమా చీకటి సీన్‌లో కూడా ఆ చార కనబడితే, ఊరుకోకండి.

పాత_ప్లాస్మా
ఆ పరీక్ష మార్చుకునే గడువు దాటకముందే చేయండి. పెట్టె, థర్మాకోల్ అప్పటిదాకా పారేయకండి.